కిటికీ వైపు వంగిన రబ్బరు మొక్క

కూతురి ఇంటికి బయల్దేరేటప్పుడు సిస్టరమ్మ అందరితోనూ "కొన్నాళ్ళుండి వచ్చేస్తాను" అని చెప్పింది. వచ్చేయడమంటే ఎక్కడికో ఆమెకే తెలియదు. జీవితమంతా ఆస్పత్రిలో నర్సుగా పనిచేసి, ఉద్యోగం అయిపోయిన రోజే వాళ్ళిచ్చిన క్వార్టర్సు కూడా ఖాళీ చేసింది. భర్త పోయి చాలాకాలమైంది. ఉన్న ఒక్క కూతురూ వచ్చి, "ఇంక నువ్వు మాతోనే అమ్మా, మారు మాట్లాడకు" అని రెండు సూట్‌కేసులూ కారులో పడేసి తీసుకొచ్చింది. డాక్టర్లూ, రోగులూ, రోగుల చుట్టాలూ అందరూ ఆమెను సిస్టరమ్మా అనే పిలిచేవారు. చివరికి అసలు పేరు పెట్టి పిలిస్తే ఆమె వెనక్కి తిరిగి చూడడం కూడా మానేసింది.

కూతురు మంచిది. అల్లుడు అంతకంటే మంచివాడు. చిక్కల్లా ఆ ఇంట్లో అప్పటికే ఒక పెద్దావిడ ఉండటం. అల్లుడి తల్లి. రైల్వేస్టేషన్లో మైకు ముందు కూర్చుని, ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో చెప్పే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఇరుగుపొరుగు ఆవిడకు అనౌన్సరమ్మ అని పేరు పెట్టుకున్నారు.

ఇద్దరు వియ్యపురాళ్ళు ఒకే కప్పు కిందికి చేరారని తెలియగానే ఆ అంతస్తులో వాళ్ళంతా చెవులు రిక్కించి కూర్చున్నారు. పాపం, వాళ్ళ ఆశ నిరాశే అయింది. గోడ అవతలికి ఒక్క గట్టి మాట వినిపిస్తే ఒట్టు! నన్నడిగితే వీళ్ళిద్దరూ నిక్షేపంగా పోట్లాడుకుని ఉంటే బాగుండేది, వారం తిరక్కుండా అన్నీ సర్దుకునేవి. వీళ్ళు మర్యాదలకు దిగారు. స్నానానికి "ముందు మీరు కానివ్వండి వదినగారూ" అంటే "అయ్యో, మీరే కానివ్వండి వదినగారూ" అనుకుంటూ బాత్రూము తలుపు దగ్గర తువ్వాళ్ళతో నిలబడేవాళ్ళు. వాళ్ళ తర్వాత స్నానం చేసి ఆఫీసుకు పోవలసిన అల్లుడు జుట్టు పీక్కునేవాడు. టీవీ రిమోట్ సోఫాకు ఆ చివరి నుంచి ఈ చివరికి, ఈ చివరి నుంచి ఆ చివరికి ప్రయాణం చేసేది. ఈలోగా ఇద్దరికీ ఇష్టమైన సీరియల్ కాస్తా అయిపోయేది.

దానికి తోడు అనౌన్సరమ్మ గొంతు ఒకటి. బండి వేళకు వచ్చినా, ఆలస్యమైనా, అసలు రాకుండా పోయినా ఒకే తీరున చెప్పడం ఆవిడ వృత్తిలో నేర్చుకున్న విద్య. ఉద్యోగం వదిలినా గొంతు ఆవిడను వదల్లేదు. "వదినగారూ, కాఫీ చల్లారిపోతోంది" అన్నా, "వదినగారూ, మీ చెప్పులు దారికి అడ్డంగా ఉన్నాయి" అన్నా అదే తియ్యదనం, అదే నిదానం. అందులో ప్రేమ ఎంతో, విసుగు ఎంతో పసిగట్టడం ఎవరి తరమూ కాదు. రోగి మూలిగిన తీరు విని నొప్పి ఎక్కడో చెప్పగల సిస్టరమ్మకు కూడా ఆ గొంతు అంతుపట్టలేదు.

ఆమెకు కావలసింది మాత్రం ఒకే ఒక్క సంగతి. తను ఇక్కడ ఉండటం ఈవిడకు ఇష్టమేనా? కూతురు ఉండమంటుంది, అల్లుడు ఉండమంటాడు, వాళ్ళదేం పోయింది, పొద్దున పోతే చీకటి పడ్డాక వస్తారు. రోజంతా ఒకరి మొహం ఒకరు చూసుకోవలసింది తామిద్దరే. పోనీ అడుగుదామా అంటే అడిగి లాభం లేదు. "అయ్యో, ఎంత మాట!" అంటుందావిడ. ఇల్లు తగలబడుతున్నా అలాగే అంటుంది.

మరో పక్క వేరే ఊళ్ళో ఉన్న చెల్లెలు ఫోన్ల మీద ఫోన్లు చేస్తోంది. "మేడ మీద గది ఖాళీ అవుతోందక్కా. వస్తావా రావా, ఏదో ఒకటి నెలాఖరుకి తేల్చు. నాన్చకు. నువ్వు రానంటే వేరేవాళ్ళకి మాటిచ్చేస్తా" అని. చెల్లెలి నోరు పెద్దది, మనసూ పెద్దదే. కాకపోతే ఆ మేడ మీద సిస్టరమ్మ ఒక్కతే ఉండాలి. ఒంటరిగా ఉండటం ఎలాగో ఆమెకు బాగా తెలుసు. తెలుసు గనకే మళ్ళీ ఆ ఒంటరితనంలోకి పోవాలని లేదు.

ఇదీ పరిస్థితి. మొక్కలు వచ్చింది ఇలాంటప్పుడు.

చేతికి పనిలేక పిచ్చెత్తిపోతున్న సిస్టరమ్మ ఒక సాయంత్రం నడకకు వెళ్ళి, దారిలో ఉన్న నర్సరీలో దూరి, మోకాలెత్తు రబ్బరు మొక్కనూ, ఒక మనీ ప్లాంటునూ, కత్తుల్లా నిటారుగా నిలబడే స్నేక్ ప్లాంటునూ ఆటోలో వేసుకొచ్చింది. ఇంట్లో పెరిగే మొక్కలకు మరీ ఎండ అక్కర్లేదనీ, మరీ చీకటి పనికిరాదనీ నర్సరీ అతను చెప్పాడు. ఆ ఫ్లాటుకు వెలుగొచ్చేది హాల్లో ఉన్న ఒక్క పడమటి కిటికీ నుంచే. పొద్దునంతా ఎదుటి బిల్డింగు గోడ తప్ప ఏమీ కనపడదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎండ వాలుగా లోపలికి వచ్చి, సాయంత్రం దాకా నేల మీద ఒక చాప మేర పరుచుకుని ఉంటుంది.

కొత్తగా వచ్చిన మొక్కలను ఆమె తిన్నగా హాల్లో పెట్టలేదు. కొన్నాళ్ళు బాత్రూము పక్క నడవలో విడిగా ఉంచి, ఆకుల అడుగున పురుగూ పుట్రా ఉన్నాయేమోనని కళ్ళజోడు పెట్టుకుని వెతికింది. తర్వాత కిటికీ పక్కకు మార్చింది. చూపుడు వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చి తడి చూసేది. పొడిగా ఉంటే కుండీ అడుగు చిల్లులోంచి కారేదాకా నీళ్ళు పోసి, కింది పళ్ళెంలో నిలిచింది పారబోసేది. తడి బట్టతో ఒక్కో ఆకూ తుడిచేది. అన్నిటికంటే ముఖ్యం, రోజుకొకసారి ప్రతి కుండీనీ సగం తిప్పేది. మంచాన పడ్డ రోగిని ఒకే పక్కన ఉంచితే ఒళ్ళు పుండు పడుతుంది. మొక్కను ఒకే పక్కన ఉంచితే వెలుగు కోసం అటే వంగిపోతుంది. రెండిటికీ మందు తిప్పడమే.

ఆ వారమంతా సిస్టరమ్మ మొహం కళకళలాడింది. కూనిరాగాలు కూడా తీసింది, అల్లుడు విన్నాడు. "హాలు కాస్తా వార్డైపోయింది. విజిటర్సు ఎన్ని గంటలకి రావచ్చు అత్తయ్యా?" అన్నాడు. "చేతులు కడుక్కుని వస్తే ఎప్పుడైనా రావచ్చు" అంది ఆమె.

సరిగ్గా ఆ వారం చివర్లో అనౌన్సరమ్మ సోఫాలోంచి ఒక మాట అంది.

"పాపం వదినగారూ, పొద్దస్తమానం ఈ కుండీలతోనే సరిపోతోంది మీకు."

అంతే. అదే గొంతు, అదే తియ్యదనం. సిస్టరమ్మ చేతిలో తడి బట్ట ఆగిపోయింది. పాపం అన్నది జాలా? పొద్దస్తమానం అన్నది దెప్పుడా? హాలంతా ఆక్రమించేసిందని అనుకుంటోందా? నవ్వి, "అయ్యో, ఇంతలో అయిపోతుంది వదినగారూ" అని బట్ట పిండి ఆరేసింది గానీ మనసు చివుక్కుమంది. ఆ రాత్రే నిర్ణయించుకుంది, ఇక ఆవిడ కంటపడేలా ఈ పని చేయకూడదని.

మర్నాటి నుంచి మొక్కల సేవ వేకువకు మారింది. ఇంకా ఎవరూ లేవకముందే చప్పుడు కాకుండా వచ్చి, వేలు గుచ్చి, ఆకులు తుడిచి, కుండీలు సగం తిప్పి మళ్ళీ వెళ్ళి పడుకునేది. అనౌన్సరమ్మ ఎప్పుడూ ఆలస్యంగా లేచే మనిషి. ఆమె లేచేసరికి సిస్టరమ్మ ఏమీ ఎరగనట్టు పేపరు చదువుతూ కనిపించేది. కుండీల వైపు తలెత్తి చూసేది కూడా కాదు.

ఇన్ని జాగ్రత్తలు పడినా రబ్బరు మొక్క ఆమె పరువు తీసింది.

మొదట అది వంగడం మొదలుపెట్టింది. కిటికీ వైపు. వేకువన తిప్పి లోపలి వైపు మొహం పెట్టిస్తే, సాయంత్రం నడక నుంచి వచ్చేసరికి మళ్ళీ కిటికీకే వాలి కనిపించేది. మర్నాడు తిప్పితే మళ్ళీ అదే తీరు. మొక్కలు వెలుగుకు తిరుగుతాయని ఆమెకు తెలుసు గానీ, మధ్యాహ్నం కునుకు తీసి నడకకు పోయి వచ్చేలోగా ఇంత మొక్క వెనక్కి తిరిగిపోతుందా? ఇంత మొండి రోగిని తన సర్వీసులో చూడలేదని విసుక్కుంది.

రెండో తంటా నీళ్ళతో. ఎప్పుడు వేలు గుచ్చినా మట్టి తడిగానే తగిలేది. వెలుగు తక్కువ గదిలో మట్టి త్వరగా ఆరదు, అదే కారణమనుకుని ఆమె నీళ్ళు పోయడం మానేసింది. అయినా ఆరలేదు. కింది ఆకులు పసుపు పచ్చబారి, ముట్టుకుంటే చేతిలోకి ఊడి వచ్చేవి. మనీ ప్లాంటు తీగలు నీరసించాయి. స్నేక్ ప్లాంటు ఒక్కటే ఎవరి గొడవా పట్టనట్టు నిలబడింది. ఎంతోమందిని లేపి నడిపించిన చేతులు మూడు కుండీలను చూసుకోలేకపోతున్నాయా అని సిస్టరమ్మకు సిగ్గేసింది. సిగ్గు వెనకాలే ఇంకో ఆలోచన కూడా వచ్చింది. బహుశా ఈ ఇంట్లో తన చేతి మీదుగా ఏదీ నిలవదేమో.

నెలాఖరు దగ్గర పడుతోంది. చెల్లెలికి జవాబు చెప్పాలి.

ఒక వేకువ ఆమెకు మెరుపులాంటి ఆలోచన తట్టింది. మందుల డబ్బాలోంచి అతికించే ప్లాస్టరు తీసి, గోరంత ముక్క కత్తిరించి, రబ్బరు మొక్క కుండీకి అడుగున కిటికీ వైపు అంటించింది. తర్వాత ఎప్పటిలాగే కుండీని సగం తిప్పింది. ప్లాస్టరు ఇప్పుడు హాలు లోపలికి వచ్చింది. మొక్క వంగితే వంగవచ్చు గానీ ప్లాస్టరు కదలదు కదా.

సాయంత్రం నడక నుంచి వస్తూనే చెప్పులు విప్పకుండా వంగి చూసింది. లోపలి వైపు ప్లాస్టరు లేదు. చుట్టూ తడిమితే అవతల, కిటికీ వైపు చేతికి తగిలింది. అంటే కుండీనే ఎవరో తిప్పేశారు.

ఎవరో ఏమిటి, ఎవరు మాత్రం ఉన్నారు ఇంట్లో?

సిస్టరమ్మ సోఫాలో కూలబడింది. ఇన్నాళ్ళూ తను పెట్టింది పెట్టినట్టు ఉండనివ్వకుండా, కళ్ళు మూసుకోగానే ముందెలా ఉందో అలా పెట్టేస్తోందన్న మాట ఆవిడ. అడ్డంగా ఉన్న చెప్పులు గుర్తొచ్చాయి. పొద్దస్తమానం అన్న మాట గుర్తొచ్చింది. తన కాఫీ కప్పు రోజూ అలమరలో వెనక వరసకు చేరడం కూడా అప్పుడే గుర్తొచ్చింది. మనసు విరిగినప్పుడు ఎక్కడెక్కడి సంగతులో ఎలా వరస కడతాయో చూడండి. ఆవిడకు తను ఇక్కడుండటం ఇష్టం లేదు. నోటితో అనలేక కుండీలతో చెబుతోంది. తెలుసుకోవాలని ఇన్నాళ్ళూ తపించింది కదా, ఇదిగో తెలిసింది. తెలిశాక కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

గదిలోకి పోయి తలుపేసుకుని చెల్లెలికి ఫోన్ చేసింది.

"ఆదివారం వస్తానే."

"అబ్బ, ఇన్నాళ్ళకి! గది కడిగించి ఉంచుతా. గొంతేమిటి అలా ఉంది, జలుబా?"

"జలుబే" అంది సిస్టరమ్మ.

రాత్రి భోజనాల దగ్గర సంగతి చెప్పేసింది. కూతురు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేసింది.

"ఇప్పుడేమైందమ్మా? ఎవరేమన్నారు?"

"ఎవరూ ఏమీ అనలేదే. మీరంతా బాగా చూసుకుంటున్నారు. చెల్లి ఒక్కతే ఉంటోంది, దానికి తోడుగా ఉంటుందని."

"పిన్నికి తోడేమిటి, ఇంటినిండా మనుషులేగా!"

అల్లుడు ఆమె వంకా, తన తల్లి వంకా చూశాడు. "అమ్మా, నువ్వైనా చెప్పు" అన్నాడు.

అనౌన్సరమ్మ మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టింది. "వదినగారి ఇష్టం. ఆవిడకి ఎక్కడ హాయిగా ఉంటే అక్కడ ఉండాలి కదా" అంది. ఒక్క అక్షరం తొట్రుపడలేదు. చూశావా అనుకుంది సిస్టరమ్మ. ఉండమని ఒక్కసారి, మాటవరసకైనా అనలేదు. ఆ తర్వాత ఆవిడ మోకాలు సలుపుతోందంటూ సగం కంచం వదిలేసి లేచి వెళ్ళింది గానీ, అంత దుఃఖంలో ఉన్న మనిషికి ఎదుటివాళ్ళ కంచాలు ఎక్కడ కనిపిస్తాయి?

శనివారం కూతురూ అల్లుడూ ఎప్పటిలాగే పనులకు వెళ్ళిపోయారు. భోజనాలయ్యాక ఎవరి గదిలోకి వాళ్ళు చేరారు. ఆ రోజు సిస్టరమ్మ కునుకు తీయలేదు. సూట్‌కేసు మంచం మీద తెరిచి చీరలు సర్దుతూ కూర్చుంది. సర్దుతుంటే మొక్కలు గుర్తొచ్చాయి. వాటిని తీసుకుపోలేదు. పోయేముందు ఆ రబ్బరు మొక్కను ఒకసారి చూసి, మట్టి ఆరేదాకా నీళ్ళు పోయవద్దని కూతురికి చెప్పి వెళ్దామనుకుంది. ఎంత మొండిదైనా తను చేర్చుకున్న రోగి. తలుపు తీసుకుని హాల్లోకి వచ్చింది.

కిటికీ దగ్గర అనౌన్సరమ్మ ఉంది. ఒక చేత్తో కుర్చీ పట్టుకుని, నొప్పి మోకాలు చాపి, అతి కష్టంగా వంగి, రెండో చేత్తో రబ్బరు మొక్క కుండీని కొంచెం కొంచెంగా తిప్పుతోంది. పక్కన నేల మీద నీళ్ళ చెంబు. తిప్పడం సరిపోయిందో లేదోనని తల పక్కకు వాల్చి చూసుకుంటోంది.

సిస్టరమ్మకు ఒళ్ళు మండింది. ఆ ఇంట్లో అడుగుపెట్టాక మర్యాద మరిచింది అప్పుడే.

"ఎందుకండీ ఇంకా? రేపు ఎలాగూ పోతున్నానుగా! ఈ ఒక్క రోజైనా నేను పెట్టినట్టు ఉండనివ్వలేరా?"

అనౌన్సరమ్మ ఉలిక్కిపడి లేవబోయి, మోకాలు సహకరించక కుర్చీలో పడింది.

"మీరు పెట్టినట్టా? మీరెక్కడ పెడుతున్నారు వదినగారూ? మీరు ఎప్పుడో వదిలేశారుగా వీటిని."

"వదిలేశానా? రోజూ తెల్లారకముందే లేచి తిప్పుతున్నాను!"

"తెల్లారకముందా?" అనౌన్సరమ్మ నోరు తెరిచింది. "నేను రోజూ మధ్యాహ్నం తిప్పుతున్నాను. మీరు పడుకున్నాక."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ రబ్బరు మొక్కను చూశారు. అది కిటికీ వైపు వంగి, మిగిలిన నాలుగు ఆకులతో దీనంగా నిలబడి ఉంది. పొద్దున ఒకరు సగం, మధ్యాహ్నం ఒకరు సగం, ఎండ వచ్చే వేళకు ఏ రోజుకారోజు మళ్ళీ మొదటికే వస్తోంది. ఇన్నాళ్ళూ ఎండ ఒకే చెంప మీద కొడుతోంది దానికి.

"నీళ్ళు కూడా పోస్తున్నారా?" అంది సిస్టరమ్మ చెంబు వంక చూసి. గొంతులో మంట తగ్గి నర్సు వచ్చేసింది.

"రోజూ ఒక చెంబు. మీరు పోయడం లేదని చూశాను. ఆకులు పండిపోతుంటే దాహమేమోనని ఈ మధ్య ఇంకో అర చెంబు ఎక్కువ పోస్తున్నా."

"తడి ఆరడం లేదనే కదా నేను మానేసింది!"

సిస్టరమ్మ తల పట్టుకుంది. వార్డులో డ్యూటీ మారేటప్పుడు ఎవరికి ఏం ఇచ్చామో తర్వాత వచ్చేవాళ్ళకు నోటితో అప్పగించకుండా ఒక్కరినీ గుమ్మం దాటనిచ్చేది కాదు. ఒకే రోగికి ఇద్దరు వేర్వేరుగా మందు పోస్తే ఏమవుతుందో చిన్న నర్సులకు పాఠాలు చెప్పింది. చెప్పి చెప్పి, సొంత ఇంట్లో చేసిన నిర్వాకం ఇదీ. దీనికి కారణం ఏమిటంటే మర్యాద. ఒట్టి మర్యాద.

"చేసేదేదో నాకు చెప్పి చెయ్యొచ్చు కదా వదినగారూ. దొంగచాటుగా ఎందుకు?"

"చెబితే మీరు సరిగ్గా చూసుకోవడం లేదని ఎత్తిపొడిచినట్టు ఉండదా? మరి మీరెందుకు దొంగచాటుగా?"

"పొద్దస్తమానం కుండీలతోనే సరిపోతోందని మీరు అన్నారుగా."

"అయ్యో, నడుము పడిపోతుందేమోనని అన్నాను! నేను కూడా ఓ చెయ్యి వేస్తానని అనబోయేలోగా మీరు బట్ట ఆరేసి వెళ్ళిపోయారు."

ఎండ అప్పుడే లోపలికి వచ్చి ఇద్దరి పాదాల మీద పడుతోంది. అనౌన్సరమ్మ చీర చెంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. మాట్లాడినప్పుడు ఆ గొంతు సిస్టరమ్మ ఎప్పుడూ విననిది. అందులో వణుకు ఉంది, బెరుకు ఉంది, మధ్యమధ్యలో మాట దొరక్క ఆగిపోవడం ఉంది.

"మీరు మొక్కలు తెచ్చిన రోజు మీ మొహం చూశాను. ఈ ఇంటికొచ్చాక మీరు నిజంగా నవ్వింది ఆ రోజే. హమ్మయ్య, ఇవి పెరిగితే ఈవిడ ఇక్కడే ఉండిపోతుంది అనుకున్నాను. తర్వాత మీరు వాటి వంక చూడటం మానేశారు. భయమేసింది. ఇవి చచ్చిపోతే మీరూ సూట్‌కేసు దింపుతారని. అందుకే... ఇవి వచ్చిన కొత్తలో మీరు ఎలా తిప్పేవారో చూసి గుర్తుపెట్టుకుని..."

"నేనుండాలని మీకు ఉందా?"

"లేకపోతే ఈ మోకాలితో రోజూ ఎవరు వంగుతారండీ?" అంది అనౌన్సరమ్మ. ఇంతలోనే కళ్ళు నీళ్ళతో నిండాయి. "పిల్లలు పొద్దున పోతే చీకటిపడ్డాక వస్తారు. మీరు రాకముందు సాయంత్రం దాకా నా గొంతు నాకే వినపడేది కాదు. ఉద్యోగంలో ఊరంతా వినేది. మీరొచ్చాక కనీసం బాత్రూము దగ్గర నాలుగు మాటలైనా దొరుకుతున్నాయి."

"మరి మొన్న రాత్రి ఉండమని ఒక్క మాట అనలేదేం?"

"అంటే మీరేమంటారు? 'అయ్యో, అదేం లేదు వదినగారూ' అంటారు. మీకు నిజంగా ఉండాలని ఉందో, నా మాట తీసెయ్యలేక ఉంటున్నారో నాకెలా తెలుస్తుంది? మీరెప్పుడైనా మనసులో మాట చెప్పారా?"

సిస్టరమ్మకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఈవిడ గొంతు అంతుపట్టడం లేదని ఇన్నాళ్ళూ తిట్టుకుంది. తన గొంతు ఎదుటివాళ్ళకు ఎలా వినిపిస్తోందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నిలువెల్లా సిగ్గుపడింది. కొంగు బిగించింది.

"పాత పేపర్లు ఎక్కడున్నాయి?"

"ఎందుకు?"

"ముందు దీని సంగతి చూడాలి. వేర్లు ఎలా ఉన్నాయో ఏమో. ఆ కత్తెర కూడా తీసుకురండి. అబ్బే, మీరు లేవకండి, నేను తెస్తాను."

"నేను తెస్తాను" అని లేచింది అనౌన్సరమ్మ. సిస్టరమ్మ వద్దనలేదు.

ఎండ పడుతున్న చోట పేపర్లు పరిచి ఇద్దరూ కూర్చున్నారు. సిస్టరమ్మ కుండీని పక్కకు పడుకోబెట్టి, చుట్టూ తట్టి, మొక్కను మొదలంటా పట్టుకుని నెమ్మదిగా లాగింది. మట్టి ముద్దగా ఊడి వచ్చింది. కుళ్ళు వాసన గుప్పుమంది. చాలా వేర్లు నల్లగా మెత్తబడి, పట్టుకుంటే తోలూడి జారిపోతున్నాయి. అక్కడక్కడా కాసిని మాత్రం తెల్లగా గట్టిగా ఉన్నాయి. సిస్టరమ్మ నల్లవన్నీ కత్తిరించింది. అనౌన్సరమ్మ వాటిని ఏరి పేపరు చివర పోగు పెట్టింది. మొక్కలతో పాటు నర్సరీ నుంచి తెచ్చి ఉంచిన కొత్త మట్టిలో ఇసుకా కొబ్బరి పొట్టూ కలిపి, మంచి వేర్లతో మొక్కను నాటారు. ఆ కొబ్బరి పొట్టు సంచీ విప్పడం రాక ఇద్దరూ ఒంటి మీదా, నేల మీదా ఒలకబోసుకున్నారు. ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పలేదు.

పని అయ్యాక అనౌన్సరమ్మ ఆ బక్క మొక్కను చాలాసేపు చూసింది.

"బతుకుతుందా?"

ఆ ప్రశ్న సిస్టరమ్మను ఆస్పత్రి వరండాల్లో ఎంతమంది అడిగారో లెక్కలేదు. అబద్ధం చెప్పకుండా జవాబివ్వడం ఆమెకు అలవాటే.

"చెప్పలేను. వేర్లు సగానికి పైగా పోయాయి."

అనౌన్సరమ్మ మొహం వాడిపోయింది. "అంతా నా వల్లే. నీళ్ళు పోసి పోసి నేనే..."

"మనిద్దరి వల్లే. ఇలా చూడండి వదినగారూ. బతికితే బతుకుతుంది. పోతే ఇద్దరం వెళ్ళి ఇంకోటి తెచ్చుకుందాం. అది ఉన్నా పోయినా నేను ఇక్కడే ఉంటాను. నాకు ఇక్కడే ఉండాలని ఉంది. మొదట్నుంచీ ఉంది."

అనౌన్సరమ్మ మట్టి చేతి వెనక భాగంతో కళ్ళు తుడుచుకుంది. మొహమంతా మట్టి అయింది.

"ఈ ముక్క మొదట్లోనే అనుంటే ఏం పోయేది! రోజూ వంగలేక, లేవలేక నా ప్రాణం పోయింది" అని కసిరింది.

ఆవిడ అలా కసరడం సిస్టరమ్మకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. చేతులు కూడా కడుక్కోకుండా ఫోన్ తీసి చెల్లెలికి చేసింది, ఆదివారం రావడం లేదని చెప్పింది. చెల్లెలు తిట్లు లంకించుకుంది. గది కడిగించాననీ, మంచం వేయించాననీ, ఇలా ఊరించి ఉసూరుమనిపించడం చిన్నప్పట్నుంచీ అక్కకు అలవాటేననీ ఊపిరి తీసుకోకుండా దులిపేసింది. ఆ గొంతు ఫోన్ దాటి హాలంతా వినిపించింది. అనౌన్సరమ్మ పక్కకు జరిగి, చెవి ఒగ్గి, ఒక్క మాట కూడా వదలకుండా విన్నది. చివరికి చెల్లెలు విసురుగా ఫోన్ పెట్టేసింది.

"బాగా తిట్టిందా?" అంది అనౌన్సరమ్మ.

"బాగానే తిట్టింది."

"తిట్టనివ్వండి" అంది అనౌన్సరమ్మ.